ఎస్‌ఓపీలో ఆ ఫెయిలైన మోటార్ ప్రాజెక్ట్ గురించి ఎందుకు రాయలేదు?

ప్రశ్న: సార్, నేను మెకానికల్ ఇంజనీరింగ్ చేసి ఏడాదిన్నరగా ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ లో పనిచేస్తున్నా. ఇప్పుడు డేటా సైన్స్ లో మాస్టర్స్ కి అప్లై చేద్దామని ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం) రాశా. 1400 పదాలు వచ్చింది, లిమిట్ ఏమో 1000. ఏది తీసేయాలో అర్థం కావట్లేదు. రెండో ఏడాది మ్యాథ్స్ ఒకసారి పోయింది, అది చెప్పాలా వదిలేయాలా? అందరికీ ఒకటే ఎస్‌ఓపీ పంపేస్తే నడుస్తుందా? డ్రాఫ్ట్ పంపాను, చూడండి.

జవాబు: చూశాను, రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివి పక్కన పెట్టాక నీ గురించి నాకు గుర్తున్నది ఒక్కటే, ఆరేళ్ల వయసులో నువ్వు బొమ్మ కారు విప్పేశావు. ఆ తర్వాత 1300 పదాలు ఉన్నాయి కానీ ఒక్కటీ గుర్తులేదు, అదీ సమస్య.

ఆ బొమ్మ కారు ముందు తీసేయ్. 2007లో బ్రిటన్ లో డిగ్రీ అడ్మిషన్లు చూసే యూకాస్ వాళ్లు అప్లికేషన్లు కంప్యూటర్ తో పోల్చి చూస్తే, ఎనిమిదేళ్లప్పుడు కెమిస్ట్రీ కిట్ తో ఆడుతూ పైజామా కాల్చుకున్న కథ 234 మంది రాశారట, అంతా నెట్ లో ఉన్న ఒకే శాంపిల్ నుంచి ఎత్తిందే. నువ్వు కాపీ కొట్టావని అనట్లేదు, నీ కారు నిజమే అయ్యుండొచ్చు. కానీ చదివే ప్రొఫెసర్ కి అలాంటి కార్లు, రేడియోలు, గడియారాలు ఆ వారంలోనే ఓ పాతిక తగిలుంటాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మూడో పేరాలో ఒక అర వాక్యం ఉంది, వైబ్రేషన్ సెన్సార్ డేటాతో బేరింగ్ ఫాల్ట్స్ కనిపెట్టే ప్రాజెక్ట్ చేశాం, 97 శాతం యాక్యురసీ వచ్చింది అని. నాకు డౌట్ వచ్చి, తర్వాత ఏమైంది అని మెసేజ్ పెడితే నువ్వు చాలా మామూలుగా చెప్పావు, ల్యాబ్ మోటార్ మీద బాగానే పనిచేసింది సార్, వేరే మోటార్ మీద లోడ్ మార్చి పెడితే బొమ్మా బొరుసూ వేసినట్టే అయింది, మూడు వారాలు తల బద్దలు కొట్టుకుంటే తేలిందేంటంటే ఒకే రికార్డింగ్ ని ముక్కలు చేసి కొన్ని ట్రైనింగ్ లో కొన్ని టెస్టింగ్ లో పెట్టేశాం, అంటే పరీక్షకి ముందే పేపర్ చూపించినట్టు అని.

ఓరి నాయనా, ఎస్‌ఓపీ అంటే అదేరా! ఎనిమిది పేరాలు రాసి దాన్ని మాత్రం దాచేశావు.

అది పరువు తక్కువ అనుకున్నావేమో. చదివేవాళ్లు ఆ సబ్జెక్ట్ లో పనిచేసే ఫ్యాకల్టీ, 97 శాతాలు 98 శాతాలు వాళ్లకి చాలా మంది చూపిస్తారు, తనకొచ్చిన నంబర్ మీద తనే అనుమానపడి అది ఎందుకు తప్పో తవ్వి తీసినవాడు మాత్రం అరుదు. పైగా ఇది పెడితే మిగతా ప్రశ్నలకి జవాబులు వాటంతటవే వస్తాయి. మెకానికల్ వదిలి డేటా సైన్స్ కి ఎందుకు అంటే, మోటార్ నీకు తెలుసు, డేటా ఎక్కడ మోసం చేసిందో మాత్రం తెలీలేదు. ఉద్యోగం వదిలి మాస్టర్స్ ఎందుకు అంటే, ఫ్యాక్టరీలో ఏ రెండు మోటార్లూ ఒకేలా నడవవు, ఒకదాని డేటాతో నేర్పిన మోడల్, అంటే ఆ ఫాల్ట్ కనిపెట్టే ప్రోగ్రామ్, రెండోదాని మీద నిలబడాలంటే కావాల్సిన స్టాటిస్టిక్స్, టైమ్ సిరీస్ (కాలంతో మారే డేటాని చదివే పద్ధతులు) నీ దగ్గర లేవు. ఇలా మొదలెట్టి చూడు, తెలుగులో చెప్తున్నా, నువ్వు నీ ఇంగ్లీష్ లో రాసుకో:

"మా మోడల్ ల్యాబ్ లో ఫాల్ట్ ఉందో లేదో నూటికి 97 సార్లు సరిగ్గా చెప్పింది. రెండో మోటార్ కి బిగించాక ఊరికే ఊహించి చెప్పినా అంతే వచ్చేదేమో అనిపించింది. కారణం వెతకడానికి నాకు మూడు వారాలు పట్టింది, తప్పు మోడల్ లో లేదు, డేటాని మేం విడగొట్టిన పద్ధతిలో ఉంది."

చూశావా, ప్యాషన్ అనే మాట ఒక్కసారి కూడా రాలేదు.

ఆ యూనివర్సిటీయే ఎందుకు అనే పేరాకి ఒక చిన్న పరీక్ష ఉంది. పేరు తీసేసి ఇంకో యూనివర్సిటీ పేరు పెట్టి చదువు, ఏం తేడా రాకపోతే ఆ పేరా దండగ. నీది అంతే ఉంది, వరల్డ్ క్లాస్ ఫ్యాకల్టీ, గొప్ప ర్యాంకింగ్, అవి వాళ్లకి తెలీక నువ్వు చెప్పాలా? కోర్సు పేజీలో సిలబస్ తెరువు, జర్మనీ యూనివర్సిటీలైతే మాడ్యూల్ హ్యాండ్‌బుక్ అని ఒక్కో సబ్జెక్టులో ఏం చెప్తారో ఉండే పెద్ద పీడీఎఫ్ పెడతాయి, అందులో నీ మోటార్ సమస్యకి పనికొచ్చే రెండు సబ్జెక్టులు పట్టుకుని ఎందుకు పనికొస్తాయో రాయి. ప్రొఫెసర్ పేరు రాయాలంటే ఆయన పేపర్ ఒక్కటైనా చదివుండాలి. పీహెచ్‌డీకి అది ప్రాణం, రీసెర్చ్ కంటే క్లాసులే ప్రధానంగా ఉండే కోర్స్‌వర్క్ మాస్టర్స్ కి లేకపోయినా కొంప మునగదు.

అందరికీ ఒకటే పంపకు. మోటార్ కథ అలాగే ఉండొచ్చు, ఈ పేరా మాత్రం ప్రతిచోటా మారాలి. అడిగే పద్ధతి కూడా ఒకలా ఉండదు, ఎంఐటీ స్టేట్‌మెంట్ ఆఫ్ ఆబ్జెక్టివ్స్ అంటుంది, బర్క్‌లీ చదువు లక్ష్యాలకి ఒకటి, నీ జీవిత నేపథ్యానికి ఒకటి విడివిడిగా అడుగుతుంది, యూరప్ లో చాలాచోట్ల మోటివేషన్ లెటర్ ఒకట్రెండు పేజీలు. వాళ్లు ప్రశ్నలు ఇస్తే ఆ ప్రశ్నలకే జవాబు రాయి. లిమిట్ 1000 అంటే 1000, కొన్ని ఫారాలు అది దాటగానే నిర్మొహమాటంగా కత్తిరించేస్తాయి.

మ్యాథ్స్ సంగతి దాచడానికేం లేదు, మార్కుల లిస్ట్ లో కనపడేదే. రెండు వాక్యాలు చాలు, ఒకసారి ఫెయిలయ్యా, తర్వాత స్టాటిస్టిక్స్ లో ఇంత వచ్చింది అని. సాకులు వద్దు, లెక్చరర్ మీద నెపం అసలే వద్దు. అప్లికేషన్ లో అదనపు సమాచారం అని విడిగా బాక్స్ ఉంటే అక్కడ పెట్టేసి ఇక్కడ ఆ చోటు మిగుల్చుకో.

ఇక ఆ 400 పదాలు. బొమ్మ కారు, మొదట్లో కొటేషన్, రెజ్యూమెలో ఉన్నవే మళ్లీ ఏకరువు పెట్టిన రెండు పేరాలు, యూనివర్సిటీ భజన, ఇవి తీస్తే ఇంకా మిగులుతాయి, వాటిని మోటార్ కి ఇవ్వు. చాట్‌జీపీటీతో గ్రామర్ చూపించుకోవడం వరకూ నాకు అభ్యంతరం లేదు, ఆ యూనివర్సిటీ రూల్స్ ఒప్పుకుంటేనే సుమా, కానీ దాన్నే రాయమంటే నీ మూడు వారాలు దానికెలా తెలుస్తాయి?

ఇంకొకటి, రికమండేషన్ లెటర్ నీ ప్రాజెక్ట్ గైడ్ ఇస్తున్నారన్నావు కదా, కొత్త డ్రాఫ్ట్ అవ్వగానే ఆయనకి పంపు. ఆయనకి కూడా ఆ 97 మాత్రమే గుర్తుండి లెటర్ లో అదే రాసేస్తే, నువ్వు ఒకటి చెప్పి ఆయన ఇంకోటి చెప్పినట్టు అవుతుంది.