పిల్ల ఏడుస్తున్నా దగ్గరికి వెళ్లకండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో, నార్ఫోక్‌లో ఉంటోంది. చలికాలం అక్కడి తీరంలో సీళ్లనే సముద్ర జంతువులకు కాపలా ఉండి, వాటిని లెక్కపెట్టే వాలంటీర్లలో చేరింది. డిసెంబరులో మేమిద్దరం వెళ్తున్నాం, మమ్మల్నీ రమ్మంటోంది. ఒంటరిగా ఏడ్చే సీల్ పిల్లల్ని చూస్తూ ఊరుకోవాలట, నిజమేనా? ఇక్కడే ఏమైనా నేర్చుకుని వెళ్లొచ్చా?
- ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: నిజమే. మీరు వెళ్లేది సరిగ్గా గ్రే సీళ్ల పురుళ్ల కాలం. హార్సీ, బ్లేక్నీ పాయింట్ తీరాల్లో నవంబరు నుంచి జనవరి దాకా పిల్లలు పుడతాయి. పుట్టినప్పుడు బరువు సుమారు 14 కిలోలు. తల్లిపాలలో సగం దాకా కొవ్వే, అందుకే మూడు వారాలు తిరిగేసరికి పిల్ల బరువు మూడింతలవుతుంది. అన్నాళ్లూ తల్లి దాదాపు పస్తే. ఆపైన పిల్లను వదిలి వెళ్లిపోతుంది. మనకు కఠినంగా తోస్తుంది గానీ వాటి పద్ధతే అంత. పాలు మానిన పిల్ల తెల్లబొచ్చు రాల్చుకుంటూ ఇసుక మీదే ఉండి, చంటిబిడ్డలా ఏడుస్తుంది.

జాలిపడి నీళ్లలోకి తోస్తే ప్రమాదం. ఆ తెల్లబొచ్చు తడిస్తే చలి ఆగదు. మీరు పక్కన నిలబడినా చేటే: అలల్లో ఉన్న తల్లి గట్టెక్కడానికి జంకుతుంది, పిల్లకు ఆ పూట పాలు ఉండవు. గాయం, మెడకు వల, మరీ బక్కచిక్కిన ఒళ్లు కనిపిస్తే తీరంలో కాపలా ఉండే వార్డెన్‌కు చెప్పండి, మీరు ముట్టుకోకండి. కరిస్తే వేలు వాచిపోయే ఇన్ఫెక్షన్ రావచ్చు. డాక్టరుతో 'సీల్ కరిచింది' అని తప్పక చెప్పాలి, దానికి వాడే మందు వేరు.

కనీసం 100 మీటర్ల దూరం పాటించండి. ఆ దూరంలోనూ సీళ్ల తలలు చూస్తూ ఉండాలి. పడుకున్నవి తలెత్తి మీవైపు చూశాయంటే ఎక్కువ దగ్గరికి వచ్చేశారన్నమాట, మెల్లగా వెనక్కి తగ్గండి. నీళ్లవైపు జరగడం మొదలెడితే ఆలస్యమైపోయినట్టే. ఆ తొక్కిసలాటలో పిల్లలు నలిగిపోతాయి.

ఇక లెక్క విషయానికొస్తే, తల్లులు, మగవి, పిల్లలు ఎన్నున్నాయో వేర్వేరు గడుల్లో రాస్తారు. పిల్లల్ని వయసును బట్టి విడదీయడమే కష్టం. అప్పుడే పుట్టినదాని బొచ్చు పసుపు పట్టి, బొడ్డుతాడు వేలాడుతూ, చర్మం మడతలు పడి ఉంటుంది. రెండో వారానికి మడతలు పోతాయి. మూడో వారానికి మెడ ఎక్కడుందో తెలియదు, అచ్చం పీపాలా ఉంటుంది. అంకె పక్కనే సమయం, పోటు, గాలి, కనుచూపు, తీరంలో కుక్కలు తిరిగాయా అన్నదీ రాయాలి. అవి లేని అంకెను నిన్నటి అంకెతో పోల్చడం కుదరదు.

సాధనకు అమీన్‌పూర్ చెరువు చాలు; 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించినది. 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే) బైనాక్యులర్‌తో బాతుల్లో ముందు పదింటిని ఎంచి, ఆ మేర ఎంతో కంటికి అలవాటయ్యాక గుంపంతా పదులుగా లెక్కించండి. ఇద్దరూ విడివిడిగా రాసుకుని, ఆ తర్వాతే పోల్చుకోండి. తేడా ఎక్కువుంటే మళ్లీ లెక్కపెట్టాలి. రాజీపడి మధ్య అంకె వేయకూడదు.

ప్రశ్న: నీటికుక్క అంటే సీలేనా? విశాఖలో కనిపిస్తుందా?
- ఓ పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: కాదు. నీటికుక్కకు నాలుగు కాళ్లు, పొడవాటి తోక ఉంటాయి. కోరింగ మడ అడవుల్లో చూడొచ్చు. సీల్‌కు కాళ్ల స్థానంలో తెడ్లుంటాయి. మన తీరాన సీళ్లు కాపురముండవు.