పొరుగువారు జింక మాంసం ఇస్తే ముందుగా అడగవలసిన ప్రశ్న

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి కొత్తగా వచ్చిన మన తెలుగు కుటుంబాలు ఏటా నవంబరులో, వేట కాలం మొదలవగానే, నన్ను అడిగే సందేహం ఒకటుంది. పొరుగువారో, ఆఫీసులో తోటివారో అభిమానంగా జింక మాంసం ఇస్తే తీసుకోవచ్చా, "జాంబీ జింకలు" అంటూ వార్తల్లో వచ్చే రోగం మనుషులకు అంటుతుందా అని. తీసుకోవచ్చు, కానీ ఆ జింకకు పరీక్ష చేయించారా అని అడిగి, ఫలితం తెలిసిన తరువాతే వండుకోండి.

ఆ రోగం పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. 1967లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ దగ్గర పరిశోధన కోసం పెంచుతున్న మ్యూల్ డీర్ జింకలు చిక్కి శల్యమై చనిపోవడంతో ఇది మొదట కంటబడింది. మేతలో లోపమేమో, నిర్బంధంలో ఉంచినందువల్ల కలిగిన ఒత్తిడేమో అని చాలాకాలం అనుకున్నారు. 1970ల చివర్లో పశువైద్య పరిశోధకురాలు ఎలిజబెత్ విలియమ్స్ ఆ జింకల మెదడును సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, అది స్పంజిలా తూట్లు పడి ఉండటం చూసి, ఇది గొర్రెలకు వచ్చే స్క్రేపీ జాతికి చెందిన జబ్బు అని గుర్తించారు. 1981లో అడవిలో తిరిగే ఎల్క్ అనే పెద్దజాతి జింకలో, 2002లో మన విస్కాన్సిన్‌లో, 2016లో నార్వేలోని అడవి రెయిన్‌డీర్‌లో ఇది బయటపడింది.

దీనికి కారణం బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు, ప్రియాన్. ఒంట్లో సహజంగా ఉండే ఒక ప్రోటీన్ మడతపడే తీరు మారిపోయి, తన పక్కనున్న మామూలు ప్రోటీన్లను కూడా అదే వికృత రూపంలోకి తిప్పుతుంది. ఈ ఆలోచనను 1982లో ముందుకు తెచ్చి, ప్రియాన్ అని పేరు పెట్టిన స్టాన్లీ ప్రూసినర్‌కు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. క్రిమి కాదు కనుక వేడికి చావదు: మీరు ప్రెషర్ కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ పెట్టినా, ఫ్రీజర్‌లో ఎన్నాళ్లు ఉంచినా ప్రియాన్ చెక్కుచెదరదు. రోగం సోకిన జింక లాలాజలం, మూత్రం, పేడ ద్వారా ఇది నేలలో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో సంగతి కనుగొన్నారు. మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం ప్రియాన్లను గట్టిగా పట్టుకుంటుంది. ఆ మట్టికి అంటుకున్న ప్రియాన్లను ఎలుకల్లాంటి హ్యామ్‌స్టర్లకు తినిపించినప్పుడు, విడిగా ఉన్నవాటికంటే ఎక్కువగా రోగం కలిగించాయి. జింకలకు పెరట్లో మొక్కజొన్న వేసి ముచ్చటపడేవారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే అవి గుంపుగా ఒకేచోట మూతి పెట్టి మేసే చోటే రోగం ఒకదాని నుంచి మరొకదానికి పాకడానికి అనువైన చోటు.

ఇక మనుషుల సంగతి. ఇంతవరకు ఈ రోగం మనిషికి సోకినట్టు నిర్ధారణ కాలేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు రోగగ్రస్త జింకల, ఎల్క్‌ల మెదడు పదార్థాన్ని మకాక్ కోతులకు ఎక్కించి పదమూడేళ్ల వరకు గమనించినా వాటిలో రోగం కనబడలేదు. అయితే స్క్విరల్ మంకీ అనే మరో జాతి కోతులకు తినిపించినప్పుడు కొన్నింటికి సోకింది. ఆవులకు ప్రియాన్ల వల్లే వచ్చే మ్యాడ్ కౌ రోగం మనుషులకు రాదని బ్రిటన్‌లో ఏళ్లపాటు ధైర్యం చెప్పిన తరువాతే, అది మనుషులకూ సోకుతుందని 1996లో బయటపడింది. అందువల్ల "రుజువు కాలేదు" అన్న మాటను "ప్రమాదం లేదు" అని చదువుకోవడం నాకు సమ్మతం కాదు. రోగం ఉన్నట్టు తేలిన జంతువు మాంసం తినవద్దని, రోగం ఉన్న ప్రాంతాల్లో వేటాడిన జంతువును తినే ముందు పరీక్ష చేయించే విషయం గట్టిగా ఆలోచించమని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సలహా ఇస్తున్నది.

చూడటానికి పుష్టిగా ఉన్న జింక అంటే భరోసా లేదు. లక్షణాలు కనబడటానికి ఏడాదికి పైగా పడుతుంది. విస్కాన్సిన్‌లో వేటగాళ్లు జింక తలను రాష్ట్ర సహజ వనరుల శాఖవారి సేకరణ కేంద్రాల్లో ఇస్తే, గొంతు వెనుక ఉండే లింఫు గ్రంథులను ఉచితంగా పరీక్షిస్తారు. కాబట్టి పరీక్ష గురించి అడిగితే పొరుగువారు నొచ్చుకుంటారేమోనని సంకోచించకండి. ఇక్కడి వేటగాళ్లకు ఆ ప్రశ్న కొత్త కాదు. ఫలితంలో "కనబడలేదు" అని వస్తే, రోగం అసలే లేదని హామీ ఇచ్చినట్టు కాదు, సోకిన తొలిరోజుల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. అయినా ముప్పు బాగా తగ్గినట్టే. మాంసం కొట్టించేచోట వారి జింకను ఇతరుల జింకలతో కలపకుండా విడిగా కోయించారా అని కూడా అడగండి. మనలో తలకాయ, మెదడు వండుకునే అలవాటున్నవారు జింక విషయంలో మాత్రం ఆ ఆలోచన మానుకోవాలి. మెదడు, వెన్నుపాము, కళ్లు, ప్లీహం, లింఫు గ్రంథులలోనే ప్రియాన్లు ఎక్కువగా పోగవుతాయి.

మీ ఇంటి చుట్టుపక్కల ఎముకలు తేలి, చొంగ కారుస్తూ, మనుషులను చూసినా బెదరకుండా తూలుతున్న జింక కనిపిస్తే దగ్గరకు వెళ్లకండి, పిల్లలను వెళ్లనివ్వకండి, అది కనిపించిన చోటును సహజ వనరుల శాఖవారికి ఫోన్ చేసి చెప్పండి.