ఫిజిక్స్ సంస్థలో చేరడానికి అప్పు చేసి లాప్‌టాప్ కొనాలా?

మీరు అడిగింది ఇది: ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయింది, తిరుపతి దగ్గర ఒక పరిశోధన సంస్థలో వచ్చే నెల జేఆర్‌ఎఫ్‌గా (జూనియర్ రీసెర్చ్ ఫెలోగా) చేరుతున్నారు. 90 వేల గేమింగ్ లాప్‌టాప్ కోసం నాన్నగారు వడ్డీకి డబ్బు తేవడానికి తిరుగుతున్నారు. లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్), క్లస్టర్ (ఒకటిగా కలిపి పనిచేయించే కంప్యూటర్ల గుంపు) అనే మాటలు వింటేనే భయం వేస్తోంది.

అప్పు చేయొద్దండి. ముందు ఆ మాట నాన్నగారికి చెప్పేసి వచ్చి మిగతాది చదవండి.

మాది పుత్తూరు దగ్గర పల్లె. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి, ఈ చుట్టుపక్కలే ఒక సంస్థలో వాతావరణ భౌతికశాస్త్రం మీద ఆరేళ్లు పనిచేశాను. సంస్థ పేరు రాయను. నేను చేరేటప్పుడు మా నాయన రెండు పాడి ఆవులు అమ్మి లాప్‌టాప్ కొనిచ్చాడు. ఆ ఆరేళ్లలో నా థీసిస్ లెక్కల్లో ఒక్కటి కూడా ఆ లాప్‌టాప్ మీద నడవలేదు. అందుకే మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

లెక్కలన్నీ సంస్థ క్లస్టర్ మీద నడుస్తాయి. మీ ముందున్న లాప్‌టాప్ దాంట్లోకి చూసే కిటికీ మాత్రమే. రాయలసీమ మీద మూడు రోజుల వానను డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ మోడల్‌లో నడిపితే నాకు 96 కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్క చేసే భాగాల) మీద సుమారు 5 గంటలు పట్టేది. నాలుగు కోర్ల లాప్‌టాప్ మీద అదే పనికి ఎంత లేదన్నా ఐదు రోజులు, అదీ మధ్యలో కరెంటు పోకుండా ఉంటే. పాకాల దగ్గర గాదంకిలో ఉన్న, పైన గాలిని కొలిచే ఎంఎస్‌టీ రాడార్‌నే తీసుకోండి. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే 1024 యాగీ యాంటెన్నాల సమూహం అది. ఆకాశం నుంచి తిరిగొచ్చే ఆ సన్నటి ప్రతిధ్వనిని ఫోరియర్ పరివర్తన చేసి (అందులోని పౌనఃపున్యాలను విడదీసి) డాప్లర్ మార్పు, అంటే గాలి కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే తేడా, చూస్తే తప్ప గాలి వేగం అనే అంకె బయటికి రాదు. ఈ రంగంలో పరికరం ఎంతో కంప్యూటరూ అంతే.

ఇక క్లస్టర్ భయం సంగతి. ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్లోకి వెళ్లే ప్రోగ్రాంతో) లోపలికి వెళ్లగానే మీరు నిలబడేది లాగిన్ నోడ్ మీద. నోడ్ అంటే క్లస్టర్‌లోని ఒక కంప్యూటర్, ఇది అందరూ వచ్చే గుమ్మం. ఫైళ్లు దిద్దుకోవడానికి, జాబ్ (క్లస్టర్‌కు అప్పజెప్పే లెక్క) పంపడానికి మాత్రమే అది. నేను మొదటి వారంలోనే ఒక పెద్ద పైథాన్ ప్రోగ్రాం దాని మీదే నడిపాను. అందరి టెర్మినళ్లూ బిగుసుకుపోయాయి. సర్వర్ రూమ్ చూసుకునే అన్న నా సీటు దగ్గరికి వచ్చి, "ఏం మా, వచ్చే దోవలోనే వడ్లు ఆరబోస్తే మిగిలినోళ్లు లోపలికి ఎట్ల రావల్ల?" అన్నాడు. కోపంగా అనలేదు. కూర్చోబెట్టి స్లర్మ్‌లో (ఎవరి జాబ్ ఎప్పుడు నడవాలో చూసే షెడ్యూలర్‌లో) జాబ్ స్క్రిప్టు, అంటే ఏం నడపాలో, ఎంత సమయం కావాలో చెప్పే ఫైలు, ఎలా రాయాలో ఒక పూట నేర్పించాడు. ఇలాంటి మనిషి ప్రతి సంస్థలోనూ ఒకరుంటారు. వెతుక్కుని వెళ్లి పరిచయం చేసుకోండి.

ఆయన నేర్పినదాంట్లో నాకు ఎక్కువ పనికొచ్చింది: జాబ్‌కు ఎంత సమయం కావాలో నిజం రాయడం. చాలామంది భయంతో మూడు గంటల పనికి మూడు రోజులు అడుగుతారు. పెద్ద జాబ్‌ల కోసం నోడ్లు ఖాళీ అయ్యేదాకా వేచివున్నప్పుడు మధ్యలో చిన్న చిన్న సందులు ఉంటాయి, షెడ్యూలర్ వాటిలోకి పొట్టి జాబ్‌లను దూరుస్తుంది. మూడు గంటలకు గంట కలిపి నాలుగు అని రాస్తే మీ జాబ్ ఆ సందులో పట్టవచ్చు. మూడు రోజులని రాస్తే పట్టదు. మరీ తక్కువ రాసినా సమయం కాగానే జాబ్‌ను చంపేస్తుంది, కాబట్టి ముందు చిన్న నమూనా నడిపి చూసుకోండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఇది. మీకు రెండు చోట్లు ఇస్తారు. హోమ్ చిన్నది, కోటా ఉంటుంది, మామూలుగా బ్యాకప్ కూడా ఉంటుంది. స్క్రాచ్ చాలా పెద్దది, వేగంగా ఉంటుంది, బ్యాకప్ ఉండదు. కొన్నాళ్లు ముట్టుకోని ఫైళ్లను దానంతట అదే తుడిచేస్తుంది. మా దగ్గర 30 రోజులు. రెండో ఏడు మా అమ్మకు ఆపరేషనై ఊళ్లో నెలన్నర ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి స్క్రాచ్‌లో నా ఫోల్డర్ ఖాళీ. ఈఆర్‌ఏ5 అనే పాత వాతావరణ డేటా పోయినందుకు బాధ లేదు, 1940 నుంచి గంట గంటకూ ఉన్న డేటా అది, మళ్లీ దించుకోవచ్చు. మోడల్ అవుట్‌పుట్ పోయినా మళ్లీ నడుపుకోవచ్చు. కానీ నా స్క్రిప్టులు కూడా అక్కడే ఉన్నాయి. ఏ సెట్టింగ్ ఎందుకు మార్చానో, ఏ రోజు డేటా ఎందుకు తీసేశానో అన్నీ వాటిలోనే ఉన్నాయి. ఆ రాత్రి హాస్టల్లో ఏడ్చాను. వాటిని తిరిగి రాయడానికి నాలుగు నెలలు పట్టింది, కొన్ని బొమ్మలు (గ్రాఫులు) చివరిదాకా మునుపటి బొమ్మలతో సరిపోలలేదు. రూలు నోటీసు బోర్డులో ఉంది, తప్పు నాదే. అప్పటి నుంచి స్క్రిప్టులన్నీ హోమ్‌లో, గిట్‌లో (ఫైళ్లలో చేసిన మార్పులన్నీ దాచే ప్రోగ్రాంలో) పెట్టాను. రోజు పని ముగిశాక కమిట్ చేయకుండా, అంటే ఆ రోజు మార్పులు దాంట్లో దాచకుండా, లేచింది లేదు.

నెట్‌వర్క్ గురించి. 2010లో మొదలైన నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ వల్ల చాలా సంస్థలకు గిగాబిట్ లైన్లు వచ్చాయి. మీ గది వైఫై మాత్రం గిగాబిట్ కాదు. 100 మెగాబిట్ల లైను మీద ఒక టెరాబైట్ కదలడానికి ఏ అడ్డూ లేకపోయినా 22 గంటలు పైనే. కాబట్టి డేటాను లాప్‌టాప్‌కు లాగకండి, అది ఉన్నచోటే లెక్క చేసి బొమ్మ మాత్రం తెచ్చుకోండి. తేవాల్సి వస్తే ఆర్‌సింక్ అనే ఫైళ్లు పంపే ప్రోగ్రాం వాడండి, తెగినచోటి నుంచి మళ్లీ అందుకునే ఆప్షన్ దాంట్లో ఉంది. నవంబరు వానల్లో మా హాస్టల్ కనెక్షన్ గంటకోసారి తెగేది. క్లస్టర్ మీద టీమక్స్ అనే ప్రోగ్రాంలో పని పెడితే కనెక్షన్ పోయినా అవతల పని ఆగదు. సంస్థ బయటి నుంచి వెళ్లాలంటే వీపీఎన్ (సంస్థ నెట్‌వర్క్‌లోకి వెళ్లే సురక్షితమైన దారి) కావాలి. లోపల లెక్కలు చేసే కంప్యూట్ నోడ్లకు చాలాచోట్ల ఇంటర్నెట్ ఉండదు, అందుకని పైథాన్ ప్యాకేజీలు ముందే లాగిన్ నోడ్ మీద దించి పెట్టుకోవాలి.

మే నెలలో ఒక్కోసారి క్లస్టర్ సగం ఆపేస్తారు, విసుక్కోకండి. 20 కిలోవాట్లు తాగే క్లస్టర్ ఆ 20 కిలోవాట్లనూ వేడిగానే వదులుతుంది. ఒక టన్ను ఏసీ తీసేది సుమారు మూడున్నర కిలోవాట్లు. ఆరు టన్నులు కావాల్సిన చోట ఒక ఏసీ చెడితే లెక్క మీరే వేసుకోవచ్చు.

ఏం కొనాలంటే, 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్ చాలు, సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు, కీబోర్డు మాత్రం బాగుండాలి. గ్రాఫిక్స్ కార్డు వద్దు. దాంతో పాటు 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి. ఇంకో సంగతి, కాగితం మీద జేఆర్‌ఎఫ్ 37,000 అయినా నాకు మొదటి డబ్బు చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నెలల్లో మెస్ బిల్లుకు డబ్బు ఉండాలి, వడ్డీ కట్టడానికి కాదు.

ఈ నెల రోజులూ ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో ఉబుంటు అనే లినక్స్ వేసి ఫైళ్లు కదపడం, వెతకడం అలవాటు చేసుకోండి. సీ ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు ఇది కష్టం కాదు. చేరిన రోజే కంప్యూటర్ సెంటర్‌లో మూడు అడగండి: హోమ్ కోటా ఎంత, బ్యాకప్ ఏ ఫోల్డర్‌కు, స్క్రాచ్ ఎన్ని రోజులకు తుడుస్తారు. అక్కడ స్లర్మ్ ఉందో, పీబీఎస్ అనే ఇంకో షెడ్యూలర్ ఉందో తెలిశాక నాకు చెప్పండి, నా జాబ్ స్క్రిప్టు నమూనా పంపుతాను.