గడ్డకట్టిన కొబ్బరినూనె కల్తీదా?

ప్రశ్న: డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో కొబ్బరినూనె సీసాలోనే తెల్లగా బిగుసుకుపోతుంది. పక్కనే ఉన్న వేరుశనగ నూనె మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. మచిలీపట్నంలో మా చెల్లెలు వాడేదీ అదే కంపెనీ కొబ్బరినూనె. అక్కడ పగలంతా నూనె పలుచగానే ఉంటుందట. మా అత్తగారు 'వనస్పతి కలిపారు' అంటారు. కిరాణా కొట్టు ఆయన 'గడ్డకడితేనే అసలు సరుకు' అంటాడు. ఎవరి మాట నమ్మాలి? కరిగించి వాడుకుంటే గుణం పోతుందా?
– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

జవాబు: అత్తగారి అనుమానం అనవసరం. అలాగని కొట్టు ఆయనకు పూర్తి మార్కులు వేయలేను.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మీ ఊళ్లో చలికాలపు రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. మీ చెల్లెలి ఊళ్లో పగటి వేడి 24 దాటుతుంది. సరుకు ఒకటే, తేడా అంతా గది వేడిలోనే.

అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి, ఒకదాన్నొకటి లాక్కుంటూనూ ఉంటాయి. వేడిలో కదలికదే పైచేయి కాబట్టి అవి ఒకదాని మీదుగా ఒకటి జారిపోతాయి, నూనె పారుతుంది. చల్లబడేకొద్దీ ఆకర్షణ గెలుస్తుంది. అప్పుడిక అణువులు వరుస కట్టి, ఉన్నచోటే కంపిస్తూ ఉండిపోతాయి.

మరి వేరుశనగ నూనె సంగతి? కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 90 శాతం సంతృప్తమైనవి, అంటే వాటి గొలుసులో ద్విబంధాలు (కార్బన్ల మధ్య జంట బంధాలు) లేనివి. అందులో లారిక్ ఆమ్లమే ఇంచుమించు సగం. వాటి కార్బన్ గొలుసులు నిటారుగా ఉంటాయి. వేరుశనగ నూనెలో ఓలియిక్, లినోలియిక్ ఆమ్లాలు ఎక్కువ. ద్విబంధం ఉన్నచోటల్లా వాటి గొలుసు వంగుతుంది. నిటారు కట్టెలను మోపు కట్టినంత సులువుగా వంకర కొమ్మలను కట్టలేం కదా! అందుకే దాన్ని గడ్డకట్టించాలంటే సున్నా డిగ్రీల దరిదాపులకు తీసుకెళ్లాలి. ఆదిలాబాద్ చలికి ఎంత పేరున్నా మీ వంటింటి గూట్లో అంత చలి ఉండదు.

ఓపిక ఉంటే కరిగిన నూనెను గాజు సీసాలో పోసి, సాయంత్రం నుంచి గమనించండి. ముందు మసకబారుతుంది. తరువాత తెల్లటి పలుకులు ఏర్పడి మెల్లగా అడుక్కు దిగుతాయి. మంచుగడ్డ నీటిపై తేలుతుందిగా అంటారేమో, ఆ విషయంలో నీటిదే వింత స్వభావం. చాలా పదార్థాలు గడ్డకడితే సాంద్రత పెరుగుతుంది. మధ్యలో నూనె కాసేపు గుజ్జుగా ఉంటుంది. అందులో ఉన్నవి రకరకాల కొవ్వులు, అన్నీ ఒకే డిగ్రీ దగ్గర గట్టిపడవు. నెయ్యి నిదానంగా చల్లారితే పూస కట్టేదీ ఇందుకే. ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా చల్లబరిస్తే పలుకులు పెరిగే వ్యవధి లేక నున్నగా పేరుకుంటుంది.

ఇక కొట్టు ఆయన మాట. ఆయిల్‌పామ్ గింజల్లోని పప్పు నుంచి తీసే నూనెలోనూ లారిక్ ఆమ్లం మెండు, చలికి అదీ గడ్డకడుతుంది. దాన్ని కలిపినా మీ సీసా ఇలాగే తెల్లబడుతుంది. కాబట్టి గడ్డకట్టడం స్వచ్ఛతకు రుజువు కాదు. కల్తీ తేల్చాల్సింది ప్రయోగశాలలోనే.

కరిగించినంత మాత్రాన గుణం పోదు. మారింది అణువుల అమరికే తప్ప అణువులు కావు. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలబెట్టండి. ప్లాస్టిక్ సీసాను పొయ్యి దగ్గరకు తీసుకెళ్లవద్దు. రోజూ ఈ పని విసుగనిపిస్తే, సంక్రాంతి వెళ్లేదాకా నూనెను వెడల్పు మూతి ఉన్న డబ్బాలో పోసుకుని చెంచాతో తీసుకోండి.