చంటిబాబుకి పాలిస్తుంటే పెద్దపాప ఊరుకోవట్లేదు, ఏం చేయాలి?

మీ పాపకి రెండేళ్లు దాటాయి, బాబు పుట్టి నెలన్నర. పుట్టింటి నుంచి వచ్చేశారు, పగలంతా ఇంట్లో మీరొక్కరే. బాబుని ఒళ్లోకి తీసుకోగానే పాప ఏడుపు లంకించుకుంటోంది, మీదెక్కేస్తోంది. ఫోన్ ఇవ్వకుండా ఏం చేయాలి, పాపని కొన్నాళ్లు అమ్మమ్మ దగ్గర ఉంచేయొచ్చా అని అడిగారు.

నా పిల్లలిద్దరికీ తేడా రెండేళ్ల పైచిలుకే. పెద్దవాడు అబ్బాయి, చిన్నది అమ్మాయి. రాజమండ్రిలో అమ్మావాళ్లింట్లో ఉన్నన్నాళ్లూ పెద్దవాణ్ణి ఎత్తుకోవడానికి ఎవరో ఒకరు ఉండేవారు. హైదరాబాద్ ఫ్లాట్‌కి వచ్చాక మొదలైంది అసలు కష్టం. అందుకే మీ టెన్షన్ నాకు బాగా తెలుసు.

పాపకి ఆ టైంలో కావాల్సింది బొమ్మలు కాదు, మీరు. నిన్నమొన్నటిదాకా తనదైన ఒళ్లో ఇప్పుడు ఇంకొకరు ఉన్నారు. పుట్టిన కొత్తలో పిల్లలు రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతారు కదా, అన్నిసార్లూ అమ్మ తనకి దూరమైపోతున్నట్టే ఉంటుంది పాపకి. మా ఇంట్లో పరిస్థితి మారింది, పాలిచ్చే టైముని పెద్దవాడి టైముగా చేశాకే. ఆ కాసేపు మన చేతులు ఖాళీ ఉండవు గానీ నోరు ఖాళీయే.

కాబట్టి కథలు చెప్పండి. రాజులూ రాక్షసులూ అక్కర్లేదు, కథలో మీ పాపనే పెట్టండి. పాప పొద్దున్నే లేచి చెప్పులేసుకుంది, సంచీ పట్టుకుని కూరగాయల బండి దగ్గరికి వెళ్లింది, అక్కడ ఏం కొన్నది? అని ఆపేయండి. వంకాయ అంటుంది. తర్వాత దారిలో ఎవరు కనిపించారు? కుక్కపిల్ల. మావాడు ఒకే కథని రోజుల తరబడి చెప్పించుకునేవాడు, ఒక్క మాట మారినా ఒప్పుకునేవాడు కాదు. తర్వాత్తర్వాత చిన్నది పాలకి ఏడిస్తే చాలు, కథ టైమయిందని వాడే పరుగెత్తుకొచ్చి కూర్చునేవాడు. పాప చంటిప్పటి ఫొటోలు కొన్ని ప్రింట్ తీయించి చిన్న ఆల్బమ్‌లో పెట్టినా బాగుంటుంది. నువ్వూ ఇలాగే అమ్మ ఒళ్లో పడుకుని పాలు తాగేదానివి అని చూపిస్తే పిల్లలకి ఎంత సంతోషమో.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. మంచం మీదో కుర్చీలోనో కాకుండా కింద పరుపు వేసుకుని, గోడకి ఆనుకుని కూర్చోండి. బాబు ఒక పక్క ఉంటే రెండో పక్క పాపది. మీ చేతిని ఆనుకుని కూర్చోగలిగితే సగం పేచీ అక్కడే తగ్గుతుంది.

బాబు గుక్కపట్టి ఏడ్చేదాకా ఆగకండి. తల అటూ ఇటూ తిప్పుతూ, పిడికిలి నోట్లో పెట్టుకుంటున్నప్పుడే ఆకలి మొదలైందని అర్థం. ఆ కాస్త వ్యవధిలో పాపని ఓసారి గట్టిగా హత్తుకుని, బాత్రూమ్‌కి తీసుకెళ్లి, మంచినీళ్లు తాగించి, తినడానికి ఇడ్లీ ముక్కలో అరటిపండో గిన్నెలో వేసి పక్కన పెట్టుకోండి. పల్లీలు, శనగలు, గుండ్రంగా ఉన్న ద్రాక్షపళ్లు మాత్రం వద్దు, గొంతుకి అడ్డం పడతాయి. కూర్చునే ముందు వీధి తలుపు, బాల్కనీ తలుపు గడియలు చూసుకోండి. బాత్రూమ్‌లో బకెట్ ఖాళీ చేసి బోర్లించండి. నాలుగు వేళ్ల లోతు నీళ్లున్నా ఆ వయసు పిల్లలకి ప్రమాదమే. మీరు ఒక్క ఉదుటున లేవలేని సమయం కాబట్టి ఇవన్నీ ముందే చూసుకోవాలి.

ఒక అట్టపెట్టె విడిగా పెట్టుకోండి. పాలిచ్చేటప్పుడే బయటికి రావాలి, అయిపోగానే అటక మీదకి వెళ్లిపోవాలి. రోజంతా అందుబాటులో ఉంటే రెండు రోజుల్లో మొహం మొత్తుతుంది. మా పెట్టెలో ఎక్కువకాలం నిలిచినవి పాత శుభలేఖలు. ఇంకో డబ్బా మూతకి సన్నగా చీలిక కోసి ఇస్తే పోస్ట్ డబ్బాలో ఉత్తరాలు వేసినట్టు ఒక్కొక్కటే లోపలికి వేసేవాడు, మళ్లీ అన్నీ తీసేవాడు. తెరిస్తే పాట వచ్చే కార్డులు మాత్రం తీసేయండి, వాటిలో బటన్ బ్యాటరీ ఉంటుంది, మింగితే చాలా ప్రమాదం. బట్టలారేసే క్లిప్పులు, చపాతీ పిండి ముద్ద కూడా బాగా పనికొచ్చాయి. గుజ్జనగూళ్లు ఆడుకోవడానికి ఏటికొప్పాక లక్కపిడతలు కొన్నాం. అంకుడు కర్రతో చేసి లక్కతో, చెట్ల నుంచి తీసిన రంగులతో అద్దుతారు కాబట్టి నాకు నచ్చాయి. కాస్త పెద్ద సైజువి చూసి తీసుకోండి. రాజ్మా, శనగలు గిన్నెలో పోసి ఆడించమని వీడియోల్లో చూపిస్తుంటారు, మనం కదల్లేని టైంలో అవి వద్దు. ముక్కులో పెట్టుకుంటారు.

తనకీ పాలు కావాలని పాప అడగొచ్చు, కసురుకోకండి. రెండు చుక్కలు చెంచాలో ఇస్తే చాలామంది రుచి చూసి వెళ్లిపోతారు. ఒకవేళ తాగినా తప్పు లేదు, రెండేళ్లు, ఆ తర్వాత కూడా తల్లిపాలు ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. పెద్దదానికిస్తే చిన్నవాడికి చాలవని పెద్దవాళ్లు భయపెడతారు గానీ, తాగేకొద్దీ పాలు ఊరతాయి. ముందు బాబుకి ఇచ్చి తర్వాత పాపకి ఇస్తే సరిపోతుంది.

ఫోన్ విషయంలో నా అభిప్రాయం గట్టిదే. రెండేళ్లు దాటిన పిల్లలకి రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దని అదే సంస్థ 2019లో చెప్పింది, ఇంకా తగ్గితే మంచిదని కూడా. కానీ పాలిచ్చిన ప్రతిసారీ ఫోన్ ఇస్తే ఆ గంట మధ్యాహ్నానికే దాటిపోతుంది. పైగా బాబు నోరు తెరవగానే పాప ఫోన్ కోసం చేయి చాస్తుంది. మరీ ఒంట్లో బాగాలేని రోజు ఇచ్చినా ఫరవాలేదు, బాధపడకండి. అంతకంటే అమ్మమ్మకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఆవిడ కబుర్లు చెబుతుంది, పాప బదులిస్తుంది, మీకూ కాస్త ఊపిరాడుతుంది.

దీపాలవేళ మాత్రం ఏ ఉపాయమూ సరిగ్గా పారదు. బాబు వదలకుండా తాగుతాడు, పాప అలసిపోయి ఉంటుంది. ఆ పూట మీ ఆయనకి వదిలేయండి. పాపని కిందకి తీసుకెళ్లి బస్సులు చూపించి తీసుకొస్తే చాలు. ఇది సాయం కాదు, ఆయన పనే.

ఇంకొకటి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు, తమ్ముడొచ్చాడుగా, ఇక నిన్నెవరూ చూడరు అని పిల్లల్ని ఆటపట్టిస్తారు. వినగానే ఆపేయమనండి, ఎవరైనా సరే. పిల్లలు దాన్ని నిజమనే నమ్ముతారు. మీరు కూడా ఎప్పుడూ పాపతోనే ఆగు, తమ్ముడు తాగుతున్నాడు అనకుండా, అప్పుడప్పుడు పాప వినేలా బాబుతో, ఉండు నాన్నా, అక్కకి జడ వేసి వస్తా అనండి.

అందుకే అమ్మమ్మ ఇంటికి పంపేయడం నాకు నచ్చలేదు. తమ్ముడు రాగానే నన్ను పంపేశారని అనుకుంటుంది, తిరిగొచ్చాక ఇంకా ఎక్కువ అంటిపెట్టుకుంటుంది. వీలైతే అమ్మమ్మనే ఓ పదిహేను రోజులు ఇక్కడికి రమ్మనండి. వచ్చాక, పాలు తాగిన బాబుని తేనుపు తీయించడానికి ఆవిడ భుజానికిచ్చి, మీరు పాపకి స్నానం చేయించండి, అన్నం తినిపించండి.