తుఫాను కిట్ గురించి: ఆ ఆరు వేలు ఆపండి

భీమిలిలో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటారు, నాన్నగారికి ఇన్సులిన్, తుఫాన్ల సీజన్‌కి ఆన్‌లైన్‌లో ఆరు వేల ఎమర్జెన్సీ కిట్ కొననా అని అడిగారు కదండీ. వద్దు. అందులో దిక్సూచి, విజిల్, చిన్న గొడ్డలి ఉంటాయి. మీ నాన్నగారు అడవికి వెళ్లడం లేదు!

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను విశాఖలోనే ఉన్నాను. రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు పడుకున్నాయి. మా ఇంట్లో నిజంగా పనికొచ్చింది పక్కింటాయన సెల్స్ రేడియో.

కాబట్టి ముందు ఒక ఎఫ్‌ఎం రేడియో, తలకి పెట్టుకునే టార్చి కొనండి. రెండూ పెన్సిల్ సెల్స్‌తో నడిచేవైతే మేలు. సెల్స్ విడిగా కవర్లో పెట్టమనండి, లోపలే వదిలేస్తే కారిపోతాయి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 5,000 ఎంఏహెచ్ ఫోన్ని నాలుగుసార్లు నింపుతుందనుకోకండి, మధ్యలో కొంత వృథా అవుతుంది. మూడుసార్లు వస్తే గొప్ప.

అసలు టెన్షన్ ఇన్సులిన్. ఫ్రిజ్ ఆగిపోతే సీసాని పొడి కవర్లో చుట్టి, కొత్త మట్టికుండలో పెట్టి, కుండని నీళ్లున్న పళ్లెంలో ఉంచి నీడన పెట్టమనండి. ఐసుకి మాత్రం తగలనివ్వొద్దు, గడ్డకడితే పారేయాల్సిందే. వాడుతున్న సీసా ఎన్నాళ్లు బయట ఉండొచ్చో డాక్టర్ని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

తుఫాను హెచ్చరిక రాగానే డ్రమ్ములు నింపేయాలి, మోటారు తర్వాత తిరగదు. తాగేనీళ్లు శుద్ధి చేసే క్లోరిన్ మాత్రలు మందుల షాపులో అడగండి. మిగిలిన డబ్బుతో మంచి టార్పాలిన్, నైలాను తాడు. 112 (అత్యవసర సాయం), 1077 (జిల్లా విపత్తుల కంట్రోల్ రూమ్) నంబర్లు గోడ మీద పెద్దక్షరాల్లో రాయించండి.