పేగు మీద రేడియేషన్ ప్రయోగం మొదలుపెట్టే ముందు

చిరంజీవి చిన్నాకు,

అత్త ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రపోజల్ పూర్తిగా చదివాను. రేడియేషన్ వల్ల పేగుకి తగిలే దెబ్బని తగ్గించే మందు మీద పని చేస్తానంటే నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఒడిశాలోని మన గంజాం, గజపతి జిల్లాల నుంచి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో విశాఖకో కటక్‌కో వెళ్లి కరెంటు (రేడియేషన్ చికిత్స) పెట్టించుకుని వచ్చిన ఆడవాళ్లని నువ్వూ చూశావు. క్యాన్సర్ తగ్గినా కొందరికి ఏళ్ల తరబడి విరేచనాలు, రక్తం పడటం తప్పవు. ఇంట్లో మగవాళ్లకి చెప్పుకోలేరు. బస్సెక్కాలంటే భయం, పెళ్లిళ్లకి వెళ్లడం మానేస్తారు.

ఆ ఆడవాళ్ల కోసమే ఈ పని అని మొదటి పేజీలో రాశావు. మూడో పేజీకి వచ్చేసరికి చిట్టెలుకలకి ఒకేసారి ఒళ్లంతా 9 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోస్ కొలత) ఇచ్చి, 30 రోజుల్లో ఎన్ని బతికాయో లెక్కపెడతానన్నావు. ఈ రెండూ అతకవు నాన్నా. ఆ ఆడవాళ్లకి ఇచ్చేది రోజుకి 1.8 నుంచి 2 గ్రే, అయిదు వారాల పాటు, అదీ పొత్తికడుపుకి మాత్రమే. మొత్తం 45, 50 గ్రే అవుతుంది. ఒళ్లంతా ఒక్కసారే తగిలేది అణు ప్రమాదంలో. నీ ప్రశ్న ఎవరి పేగు గురించో ముందు తేల్చుకో. ఏ జంతువు, ఎంత డోస్, ఎన్నాళ్లు అన్నవన్నీ ఆ తర్వాతే.

ప్రమాదం గురించే అనుకున్నా, 9 గ్రే దగ్గర పెద్ద చిక్కుంది. ఆ డోస్‌కి చిట్టెలుక చనిపోయేది ఎక్కువగా ఎముక మజ్జ దెబ్బతిని. రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్‌తోనో రక్తస్రావంతోనో రెండో వారం, మూడో వారంలో పోతుంది. పేగు దెబ్బతో పోవాలంటే డోస్ సుమారు 12 గ్రే దాటాలి. అప్పుడు చావు మొదటి పది రోజుల్లోనే వస్తుంది. నీ మందు మజ్జని కాస్త కాపాడినా ఎలుకలు బతుకుతాయి. నువ్వేమో పేగుని కాపాడిందని రాసేస్తావు. జంతువు దేనివల్ల పోయిందో చెప్పలేనప్పుడు, మందు గురించి ఎంత గట్టిగా చెప్పినా అది నిలబడదు.

అందుకే ఇప్పుడు వెనక కాళ్లని సీసం చాటున పెట్టి మిగతా ఒంటికి రేడియేషన్ ఇచ్చే పద్ధతి వచ్చింది. 5 శాతం మజ్జ మిగిలినా చాలు, రక్తం మెల్లగా కోలుకుంటుంది. అప్పుడు పేగు కథ విడిగా కనిపిస్తుంది. నువ్వు ఈ దారి పట్టు. ఒక్క మాట గుర్తుంచుకో: కదలకుండా పట్టి ఉంచడం, మత్తు ఇవ్వడం పోలిక కోసం పెట్టిన కంట్రోల్ ఎలుకలకి కూడా అచ్చం అలాగే జరగాలి.

చావు లెక్కల కంటే నాకు నమ్మకమైనది క్రిప్ట్ లెక్క. 1970లో విథర్స్, ఎల్కిండ్ అనే శాస్త్రవేత్తలు చూపించిన పద్ధతి ఇది. ఇన్నేళ్లయినా దీన్ని పక్కన పెట్టలేదు. పేగు లోపలి పొరలో వేళ్లలాంటి విల్లై ఉంటాయి. వాటి కణాలు మూడు నుంచి అయిదు రోజుల్లో రాలిపోతూ, వాటి కింద గుంటల్లాంటి క్రిప్ట్‌ల్లోని మూల కణాల నుంచి కొత్తవి వస్తూ ఉంటాయి. మూల కణాలు చస్తే కొత్తవి రావు. విల్లై పొట్టిబడి పొర బోసిపోతుంది. నీళ్లు, లవణాలు కారిపోతాయి, బ్యాక్టీరియా రక్తంలోకి దూరుతుంది. రేడియేషన్ ఇచ్చిన మూడున్నర రోజులకి చూస్తే, ఒక్క మూల కణం బతికిన క్రిప్ట్ కూడా మళ్లీ పెరిగి ఉంటుంది. మిగతావి మాయమై ఉంటాయి.

స్లైడ్ మీద బతికిన క్రిప్ట్ ముదురు నీలంగా, కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటుంది. చచ్చిన చోట క్రిప్ట్ అడుగున ఉండే, ఎర్రటి గింజలున్న పానెత్ కణాలు రెండు మూడు మిగిలి నిన్ను మోసం చేస్తాయి, వాటిని లెక్కలో వేయకు. పానెత్ కణాలు కాకుండా పక్కపక్కన కనీసం పది ముదురు కణాలుంటేనే బతికినట్టు. పేగు ముక్క నిట్టనిలువుగా ఉండేలా మైనం బ్లాక్ చేసి అడ్డంగా కోయించు. ఏటవాలుగా పడితే ఒకే క్రిప్ట్ రెండుగా కనిపిస్తుంది. మళ్లీ పెరిగే క్రిప్ట్ మామూలుదాని కంటే పెద్దది, సెక్షన్‌లో పడే అవకాశం దానికి ఎక్కువ. అందుకని వెడల్పు కొలిచి లెక్క సరిదిద్దు. జంతువు పోయాక పేగు నిమిషాల్లో చెడుతుంది కాబట్టి దాన్ని చెడకుండా ఉంచే ఫార్మలిన్ సీసా మూత ముందే తీసి ఉంచు. లెక్కపెట్టేవాడికి ఏ స్లైడ్ ఏ గుంపుదో తెలియకూడదు, అది నువ్వే అయినా సరే.

ఆ ఆడవాళ్ల బాధే నీ ప్రశ్న అయితే చిట్టెలుకతో మూడున్నర రోజుల్లో జవాబు రాదు. వాళ్లది నెలల తర్వాత పేగు గోడ మందమై, బిగుసుకుపోయే జబ్బు. దానికి హావర్-జెన్సెన్ అనే పరిశోధకుడి బృందం వాడిన పెద్ద ఎలుక (ర్యాట్) పద్ధతి ఉంది. మగ ఎలుక వృషణాలు తీసేసి, చిన్నపేగు మడత ఒకటి అండకోశంలోకి దింపి కుడతారు. గాయం మానాక ఆ మడతకే రోజూ కొంచెం కొంచెం డోస్ ఇవ్వొచ్చు. దీనికి సర్జరీ చెయ్యి, ఓపిక రెండూ కావాలి. నీకు ఆ చెయ్యి ఉంది, అందుకే చెబుతున్నా.

వాంతుల గురించి ఎలుకలతో చూద్దామనుకోకు, అవి వాంతి చేసుకోలేవు. దానికి ముంగిసలా కనిపించే ఫెర్రెట్‌లు వాడారు. పందులు, కోతులు మనిషికి ఇంకా దగ్గర. కానీ వాటికి కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఒక్కటే చాలదు, కేంద్ర కమిటీ దాకా వెళ్లాలి. ఇప్పుడు నీకు వాటి అవసరం లేదు.

డోస్ విషయంలో మెషీన్ మీద అంటించిన కాగితం నమ్మకు. మెషీన్‌లో రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్-60 అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 5.27 ఏళ్లు, అంటే డోస్ నెలకి సుమారు ఒక శాతం తగ్గుతూ వస్తుంది. ఎలుక ఉన్న చోటే కొలిపించు. జాతి మారినా లెక్క మారుతుంది. బాల్బ్-సి అనే చిట్టెలుక జాతి కంటే సి57 జాతి ఎక్కువ తట్టుకుంటుంది. పేగులో ఉండే బ్యాక్టీరియా కూడా ఫలితాన్ని మారుస్తుంది కాబట్టి నీళ్లు, దాణా, పంజరంలో పరిచే పొట్టు మధ్యలో మార్చనివ్వకు.

మన బరంపురంలో చేస్తున్నావు కనక ఇదీ చూసుకో. అక్టోబర్‌లో మొదలుపెట్టకు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ ఆ నెలలోనే వచ్చాయి. ఏసీ ఆగి, ఉక్కబోతలో ఎలుకలు పోతే అది రేడియేషనో వేడో ఎవరు చెప్పగలరు? రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర రోజుల్లో కూడా వద్దు. డప్పుల మోతకి ఆ ప్రాణులు బెదిరిపోతాయి.

రేడియేషన్ తగిలిన ఎలుక నాలుగో రోజు నుంచి ముడుచుకుని, బొచ్చు నిక్కబొడుచుకుని మూల కూర్చుంటుంది. దాని బాధ నిజమైనది. ఏ దశలో దాన్ని ఇక బాధపెట్టకుండా పంపేయాలో ముందే రాసిపెట్టు. బరువు ఎంత తగ్గితే, ఒళ్లు ఎంత చల్లబడితే అన్నది అంకెల్లో ఉండాలి. రాత్రి కూడా ఎవరో ఒకరు చూడాలి. యానిమల్ హౌస్‌లో పనిచేసేవాళ్లతో ఒడియాలో మాట్లాడు, రోజూ టీకి పిలువు. పంజరంలో తేడా నీకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

జంతు ప్రయోగానికి అనుమతి అడిగే ఫారం-బి కమిటీకి ఇచ్చే ముందు నాకు పంపు. గుంపుకి ఎన్ని జంతువులో ఎలా లెక్కవేశావో ఆ పేజీ కూడా జతచెయ్యి. ముందు అదే చూస్తాను.

మీ అత్త
బరంపురం